అచ్చుల్ని అటకెక్కిద్దాం

ఆడుకునే పిండి ఇంట్లోనే చేసుకోవచ్చు అంటే మా అపార్ట్‌మెంట్‌లో తల్లులు రెండే ప్రశ్నలు వేస్తారు. ఎంత మిగులుతుంది? దీనివల్ల పిల్లలకు ఏం వస్తుంది? మొదటిదానికి జవాబు తేలిక. మైదా, ఉప్పు, చెంచాడు నూనె, ఒక నిమ్మకాయ. వీటికోసం ప్రత్యేకంగా బజారుకు కూడా వెళ్లక్కర్లేదు. రెండో ప్రశ్న దగ్గరే నాకు పేచీ. నాలుగేళ్ల పిల్ల టీవీ అడక్కుండా, ఫోన్ అడక్కుండా ముప్పావుగంట కూర్చుని ఒక ముద్దను పిసుకుతూ ఉంటే ఇంకా ఏం రావాలి?

హైదరాబాద్‌లో పిల్లలకోసం మనం ఏది చేసినా చివర ఒక ఫలితం కనపడాలి. డాన్స్ నేర్పితే సర్టిఫికెట్ రావాలి. బొమ్మ గీస్తే ఫొటో తీసి గ్రూపులో పెట్టాలి. పిండితో ఆడితే ఫైన్ మోటార్ స్కిల్స్, అంటే వేళ్ల పనితనం, పెరగాలి. పెరుగుతాయి, కాదనను. కానీ ఆ మాట నోట్లోంచి రాగానే ఆట కాస్తా హోమ్‌వర్క్ అయిపోతుంది.

నేను చెప్పేది ఇంతే. పిండి ఇంట్లో చేయండి, కానీ చేసి చేతికివ్వకండి. పిల్లల చేత చేయించండి. అయ్యాక మాత్రం మీరు పక్కకు తప్పుకోండి. అచ్చులు, కట్టర్లు, "ఇప్పుడు ఏనుగు చెయ్యి బంగారం" అనే ఆర్డర్లు అన్నీ అటక మీదకు పోవాలి.

ముందు చేసే పద్ధతి. ఒక కప్పు మైదా, అర కప్పు మెత్తటి ఉప్పు, ఒక కప్పు నీళ్లు, ఒక పెద్ద చెంచా నూనె, ఒక పెద్ద చెంచా నిమ్మరసం. అమెరికా వాళ్లు రాసే కొలతల్లో నిమ్మరసం బదులు క్రీమ్ ఆఫ్ టార్టార్ అనే పుల్లటి పొడి ఉంటుంది. దానికోసం బేగంబజార్ దాకా పోవడం దండగ. కావాల్సింది పులుపు. మన పోపుల డబ్బా పక్కన ఉండే నిమ్మ ఉప్పు అర చెంచా వేసినా పనవుతుంది. గోధుమపిండి వాడొచ్చా అంటే వాడొచ్చు. కానీ అందులో పొట్టు ఉంటుంది కాబట్టి ముద్ద గరుగ్గా వస్తుంది, రంగు కూడా సరిగా పట్టదు, తొందరగా వాసన వస్తుంది.

అన్నీ ముందు చల్లగానే మూకుట్లో వేసి ఉండలు లేకుండా కలపాలి. ఈ భాగం మొత్తం పిల్లలదే. కప్పుతో కొలవడం, ఉప్పు పోయడం, నిమ్మకాయ పిండటం, గింజలు ఏరడం. కింద పడుతుంది, పడనివ్వండి. మా పాప మైదాని కప్పులోకి నింపి పైన చేత్తో చదును చేసి, మళ్లీ కొంచెం తీసి, మళ్లీ వేసి, ఒక్క కప్పు కొలవడానికే అయిదు నిమిషాలు తీసుకుంటుంది. పొద్దున స్కూల్ వ్యాన్ వచ్చే టైములో ఇలాంటి పని పెట్టుకోకండి, అంతే.

తర్వాత స్టవ్ మీద సన్న మంట. ఇక్కడ గరిటె పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి. పిల్లల్ని దూరంగా స్టూల్ మీద కూర్చోబెడితే కనపడుతుంది. మొదట ఏమీ జరగదు, దోసెల పిండిలా జారుగానే ఉంటుంది. తర్వాత అడుగున తెరలు తెరలుగా కడుతుంది, గరిటె బరువెక్కుతుంది. అక్కడినుంచి ఒక్క నిమిషంలో మొత్తం అంచులు వదిలేసి ముద్దగా గరిటెకు చుట్టుకుంటుంది. ఆ ఒక్క నిమిషం కోసమే మా పాప "ఇంకోసారి చేద్దాం అమ్మా" అంటుంది. కొన్న డబ్బాలో పిండి అప్పటికే ముద్దగా ఉంటుంది. నీళ్లలాంటిది ముద్ద ఎలా అయిందో ఆ పిల్లలు ఎప్పుడూ చూడరు.

అది ఎందుకు అవుతుందో పిల్లలకు చెప్పకపోయినా మనకు తెలిస్తే మంచిది. మైదాలో ఎక్కువ భాగం పిండిపదార్థం. అరవై డిగ్రీలు దాటేసరికి ఆ రేణువులు నీళ్లు పీల్చుకుని ఉబ్బి జిగురవుతాయి. సాయంత్రం పూట మన రోడ్ల పక్కన జొన్నరొట్టెలు చేసే అక్కల్ని గమనించండి. పిండిలో చన్నీళ్లు పోయరు, మరిగిన నీళ్లే పోస్తారు. జొన్నలో గోధుమలో ఉన్నట్టు గ్లూటెన్ అనే సాగే మాంసకృత్తు ఉండదు కాబట్టి సాగదు. వేడినీళ్లు పడితే పిండిపదార్థమే జిగురై రొట్టెను పట్టి ఉంచుతుంది. మన మూకుట్లో జరిగేదీ అదే. చన్నీళ్లతో కలిపిన మైదా ముద్ద చేతికి అంటుకుంటూ సాగుతూ ఉంటుంది, మర్నాటికి చెమ్మ వదులుతుంది. ఉడికించినది అలా కాదు. నొక్కితే నొక్కిన చోట గుంట అలాగే ఉంటుంది. గోధుమ పడని పిల్లలున్న ఇంట్లో బియ్యప్పిండితో చేసుకోవచ్చు. ఉండ్రాళ్లకు పిండి ఉడికించడం వచ్చినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. కాకపోతే కాస్త విరుగుతుంది.

స్టవ్ మీంచి దించి, గోరువెచ్చగా అయ్యాక పిల్లలకు ఇవ్వాలి. పూర్తిగా చల్లారేదాకా ఆగొద్దు. వెచ్చగా ఉన్నప్పుడు మర్దన చేస్తేనే నున్నగా వస్తుంది, పైగా ఆ వెచ్చదనం పిల్లలకు ఎంత ఇష్టమో చెప్పలేను. మా పాప ముద్దను చెంపకు ఆనించుకుంటుంది.

ఇక మా అత్తయ్య. ఆవిడది గద్వాల దగ్గర పల్లె. మొదటిసారి ఈ సంబరం చూసి ఒకటే మాట అన్నారు. "తినే పిండితోని ఆటలేందమ్మా? కింద పడితే తొక్కుతరు. పాపం కాదా?"

ఈ మాటను చాదస్తం అని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. అన్నం మెతుకు కింద పడితే కళ్లకద్దుకుని తీసే ఇంట్లో పెరిగిన మనిషి. రేషన్ బియ్యం కోసం నిలబడిన రోజులు చూసిన మనిషి. యూట్యూబ్‌లో కొందరు కిలోలకు కిలోలు బియ్యం, కందిపప్పు, సేమ్యా రంగులు కలిపి టబ్బుల్లో పోసి, పిల్లలు చేతులు పెట్టి తడుముతూ ఆడుకునే సెన్సరీ ప్లే అంటున్నారు. అది చూస్తే నాకూ చెయ్యి ఆడదు. కానీ ఒక కప్పు మైదాతో చేసిన ముద్ద నెల పైన ఆడుకోవడానికి వస్తుంది. అదే మైదాతో బోండాలు వేస్తే ఒక పూటకు అయిపోతాయి, వాటివల్ల ఒంటికి ఒరిగేదీ పెద్దగా లేదు. అదీగాక వానాకాలంలో మైదా పాకెట్ అడుగున మిగిలింది పురుగు పట్టడం మామూలే. జల్లెడ పట్టి వాడేది ఎక్కువగా ఆ పిండే. ఇవన్నీ చెప్పాను. అత్తయ్య విన్నారు, ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోరు. "ఆడుకోనీకి మట్టి లేదా దేశంల? మట్టి తెచ్చియ్యి, నేను చూపిస్త" అన్నారు.

ఆవిడ మాటే కరెక్టని నాకు లోపల తెలుసు. ఆటకు బంకమట్టిని మించినది లేదు. పిండి దాని తర్వాతే. కానీ నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో మట్టి ఎక్కణ్నుంచి తెస్తాం? వినాయక చవితి ముందు నగరంలో మట్టి పాకెట్లు దొరుకుతాయి, వర్క్‌షాపులు పెడతారు, మట్టి గణపతుల్ని ఉచితంగా పంచుతారు. ఖైరతాబాద్ పెద్ద వినాయకుడు కూడా 2022 నుంచి మట్టి విగ్రహమే. పండగ అయిపోతే మళ్లీ ఏడాదిదాకా మట్టి ఊసుండదు.

ఆ పండగప్పుడే తెచ్చిన మట్టితో అత్తయ్య ఎద్దులు చేశారు. వాళ్లవైపు జ్యేష్ఠ అమావాస్యకు మట్టి ఎద్దులు చేసి పూజ చేస్తారు. ఆవిడ చేతిని దగ్గరగా చూశాను. కాళ్లు విడిగా చేసి అతికించలేదు. ఒకే ముద్ద తీసుకుని, నాలుగు వైపులా వేళ్లతో లాగి కాళ్లు దింపారు. అతికించినవి ఆరాక ఊడిపోతాయట. బొటనవేలు, చూపుడువేలు కలిపి వీపు మీద ఒక్క నొక్కు నొక్కితే మూపురం లేచింది. కొమ్ములు మాత్రం ఆఖర్న, ఉమ్ము తడి చేసి. పాపకు ఏమీ నేర్పలేదు, "ఇట్ల చెయ్యి" అని ఒక్కసారి కూడా అనలేదు. తన ఎద్దు తాను చేసుకున్నారు. పాప పక్కన కూర్చుని తనదేదో తాను చేసుకుంది. పిల్లలతో ఇలా కూర్చోవడం మా తరానికి రాదు. మనకు పక్కన కూర్చుంటే చాలు, నోరు లేస్తుంది.

అచ్చుల మీద నా కోపం ఇక్కణ్నుంచే. పిండి డబ్బా కొంటే దాంతోపాటు సీతాకోకచిలుక అచ్చు, కారు అచ్చు, ఐస్‌క్రీమ్ మెషీన్ వస్తాయి. అచ్చులో పిండి నొక్కితే రెండు సెకన్లలో సీతాకోకచిలుక. అందరిదీ ఒకేలాంటి సీతాకోకచిలుక. రెండుసార్లు నొక్కాక పిల్ల "అయిపోయింది" అని లేచిపోతుంది. నిజమే, అయిపోయింది. చేయడానికి ఇంకేం మిగల్లేదు. అప్పుడు మనం ఇంకో సెట్ కొంటాం.

విచిత్రం ఏమిటంటే డబ్బాల్లో అమ్మే ఆ పిండి, ప్లే-డో, అసలు బొమ్మగా పుట్టనే లేదు. అమెరికాలో సిన్సినాటిలో కుటోల్ అనే కంపెనీ గోడ కాగితాలకు పట్టిన బొగ్గు మసి తుడిచే పిండి తయారు చేసేది. ఇళ్లలో బొగ్గు పొయ్యిలు పోయి గ్యాస్ వచ్చాక, కడుక్కోగల వినైల్ గోడ కాగితాలు వచ్చాక ఆ పిండి అడిగేవాళ్లు కరువయ్యారు. కంపెనీ నడిపే జో మెక్‌విక్కర్‌కు బంధువు, నర్సరీ స్కూల్ నడిపే కే జుఫాల్, ఆ పిండిని తన పిల్లలకు ఇచ్చి చూసింది. పిల్లలు వదల్లేదు. ప్లే-డో అనే పేరు సూచించింది కూడా ఆవిడే. 1956లో అది బొమ్మగా మార్కెట్‌కొచ్చింది. మొదట్లో ఒకటే రంగు, తెలుపు. అందులో ప్రధానంగా ఉండేవి ఇప్పటికీ గోధుమపిండి, ఉప్పు, నీళ్లే. ఆ నర్సరీ పిల్లలకు రంగులు లేవు. ఒక తెల్లటి ముద్ద ఇస్తే సరిపోయింది.

అచ్చులు తీసేశాక మొదటి రెండు రోజులు కష్టం, ఒప్పుకుంటాను. "ఏం చెయ్యాలి?" అని అడుగుతూనే ఉంటారు. జవాబు చెప్పకండి. మూడో రోజుకో నాలుగో రోజుకో వాళ్లే మొదలుపెడతారు. మా పాప మెట్రో కట్టింది. పిండిని చపాతీ పీట మీద పొడుగ్గా పాము చేసి, చదును చేసి ట్రాక్ అంది. కింద నాలుగు పిల్లర్లు పెట్టింది. పిల్లర్లు సన్నగా ఉన్నాయి, ట్రాక్ బరువుకు మెల్లగా కుంగిపోయి నాలుగూ నాలుగు దిక్కులకు వాలాయి. నాకు నాలుక చివరిదాకా వచ్చింది, "లావుగా చెయ్యి నాన్నా" అందామని. పళ్లు బిగబట్టుకున్నాను. అది వాటిని అలాగే నిలబెట్టి మళ్లీ పడగొట్టుకుంది. తర్వాత పొట్టిగా, లావుగా చేసింది. నిలబడ్డాయి. ఆ తర్వాత ట్రాక్ మధ్యలో జారుతోందని అక్కడ ఇంకో పిల్లర్ దూర్చింది. ఇదంతా నేను చెప్పి ఉంటే అది నా మెట్రో అయ్యుండేది.

మరి స్కూళ్లు? 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును ఒక దశగా చేసి, ఆ దశలో చదువు ఆటపాటల మీదే సాగాలని రాసింది. మన నర్సరీ డైరీ తెరిస్తే మాత్రం స్టాండింగ్ లైన్ ఒక పేజీ, స్లీపింగ్ లైన్ ఒక పేజీ. మూడేళ్ల చెయ్యి ఎలా ఉంటుందో ఎక్స్‌రేలో చూస్తే తెలుస్తుంది. పెద్దవాళ్ల మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. పుట్టిన బిడ్డకు అవన్నీ మృదులాస్థే, ఎక్స్‌రేలో కనపడవు. మొదటి ఏడాదిలో రెండు గట్టిపడటం మొదలవుతుంది, మిగతావి ఒక్కొక్కటిగా ఆరేళ్ల దాకా, చివరిది ఎనిమిదేళ్లు దాటాక. పెన్సిల్ పట్టుకుంటే చెయ్యి పాడైపోతుందని నేను అనట్లేదు. ఇంకా తయారవుతున్న చేతికి పిసకడం, దొర్లించడం, గిల్లడం ముందు రావాలని, గీతలు నిదానంగా రావచ్చని అంటున్నాను. టెన్షన్ పడాల్సిన పనే లేదు.

పైగా స్కూళ్లు పిండిని కూడా వదల్లేదు. మా పాప క్లాసులో క్లే మోడల్ ప్రాజెక్ట్ ఇచ్చారు, పళ్ల బుట్ట. తెల్లారి టేబుల్ మీద వరుసగా పెట్టిన బుట్టలు చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ద్రాక్ష గుత్తిలో ప్రతి పండుకూ మెరుపు చుక్క పెట్టిన తండ్రి ఎవరో గానీ, రాత్రి పన్నెండింటికి ముందు పడుకుని ఉండడు. మా పాప బుట్టలో రెండు ఉండలు, ఒక పాము ఉన్నాయి. పాము అరటిపండట. టీచర్ గారు "మమ్మీ కొంచెం హెల్ప్ చేయాలి" అని డైరీలో రాశారు. నేను సంతకం పెట్టి పంపాను, హెల్ప్ చేయలేదు.

రంగుల సంగతి. వంటల్లో వాడే ఫుడ్ కలర్ రెండు చుక్కలు చాలు, నీళ్లలోనే కలిపేయాలి. హోలీ రంగులు మాత్రం వద్దు. ఇంట్లో ఉన్నవాటితో చేస్తే ఇంకా సరదా. పసుపు బ్రహ్మాండంగా పడుతుంది, కాకపోతే గోళ్లకూ పడుతుంది. పాలకూర రసం పోస్తే ఆకుపచ్చ వస్తుందనుకుంటాం గానీ రాదు. చింతపండు పడ్డ పాలకూర పప్పు ఏ రంగుకు తిరుగుతుందో అదే రంగు వస్తుంది, కారణం కూడా అదే, వేడీ పులుపూ. బీట్‌రూట్ బాగుంటుంది, కొన్నాళ్లకు వెలిసిపోతుంది. పసుపు ముద్దలో ఒక చిన్న ఉండ తీసి వంట సోడా అద్దితే ముందు బుసబుస నురగ వస్తుంది, అది నిమ్మరసం పని. ఇంకొంచెం అద్దుతూ పిసికితే పసుపు కాస్తా ఎర్రగా తిరుగుతుంది. దిష్టి తీసే ఎర్రనీళ్లు పసుపులో సున్నం కలిపితే వచ్చేది కూడా ఈ గుణంతోనే. ఇది చూసినప్పుడు మాత్రం అత్తయ్య ఫోన్ పక్కన పెట్టి వచ్చారు. జిగురుగా సాగే స్లైమ్ కావాలని మారాం చేసే పెద్ద పిల్లలకు ఒక మాట. ఇంట్లో చేసే స్లైమ్‌లో చాలామంది వెలిగారం (బోరాక్స్) కలుపుతారు. అది చర్మానికీ కళ్లకూ మంచిది కాదు, కడుపులోకి వెళ్తే ఇంకా ప్రమాదం. మా ఇంట్లో దానికి చోటు లేదు.

ముద్దను మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. ఎండాకాలం హైదరాబాద్ గాలికి అంచులు చెక్కు కడతాయి, రెండు చుక్కల నీళ్లు అద్ది మర్దన చేస్తే సరి. జులై, ఆగస్టుల్లో దానికి వ్యతిరేకం, ఉప్పు గాల్లో తేమ లాగి ముద్ద చేతికి అంటుకుంటుంది, కాస్త మైదా చల్లాలి. బూజు కనపడినా, వాసన మారినా మొహమాటపడకుండా పారేయండి. ఆరబెట్టిన బొమ్మల మీద తెల్లగా పొడిలా వస్తే అది బూజు కాకపోవచ్చు, నీళ్లు ఇగిరి పైకి తేలిన ఉప్పు, భూతద్దంలో చూస్తే మెరుస్తుంది. నేల మీద పడ్డ ముక్కల్ని తడిగుడ్డతో తుడవొద్దు, గచ్చంతా పూత పూసినట్టవుతుంది. ఆరనిచ్చి చీపురుతో ఊడిస్తే వచ్చేస్తాయి. ఇది మా ఇంట్లో పనిచేసే అక్క చెప్పిన కిటుకు.

ఒక్క విషయంలో మాత్రం పెద్దవాళ్లు పక్కకు తప్పుకోకూడదు, ఉప్పు. కప్పు మైదా తూస్తే 125 గ్రాములు. అర కప్పు ఉప్పు 140 గ్రాముల దాకా తూగుతుంది. కప్పుల్లో సగమే అనిపిస్తుంది గానీ బరువులో పిండి కంటే ఉప్పే ఎక్కువ. ముద్ద నిలవ ఉండేది దానివల్లే. పెద్దవాళ్లు కూడా రోజుకు అయిదు గ్రాముల లోపే ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నిమ్మకాయంత ముద్దలో ఉండే ఉప్పు దానికి రెట్టింపు. చాలామంది పిల్లలు నాలుకకు తగలగానే ఉమ్మేస్తారు, కానీ దాన్ని నమ్ముకోకూడదు. దొరికిందల్లా నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు ఇది ఇవ్వకండి, వాళ్లకు ఉప్పు వేయని చపాతీ పిండి ముద్ద చాలు, సాయంత్రానికి పారేయొచ్చు. కాస్త పెద్ద పిల్లలు ఆడుకుంటున్నా ఒక కన్ను వేసి ఉంచండి.

పారేసేటప్పుడూ ఇదే లెక్క. మన కాలనీల్లో మిగిలిన చపాతీలు గేటు బయట కుక్కలకు పెట్టడం అలవాటు. ఈ ముద్దను అలా పెట్టకండి, అంత ఉప్పు కుక్క ప్రాణానికే ముప్పు. మొక్కల కుండీలో కలపకండి, వేళ్లు మాడిపోతాయి. సింకులో వేస్తే పైపుకు అడ్డం పడుతుంది. కాగితంలో గట్టిగా చుట్టి, కుక్కలు లాగలేనట్టు మూత ఉన్న చెత్తబుట్టలో వేసి, పొద్దున చెత్త ఆటో రాగానే నేరుగా అందులో పడేయండి.